సేట్ వద్దన్న సూది

మా ఉప్పుగూడ పిండిగిర్నీలో కారం పట్టించే రోజున ఆ ఘాటు సందు చివరిదాకా వస్తుంది. అందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతారు. నాకు దగ్గు కంటే ముందు రాజలింగం సేట్ కుడిచెయ్యి కనిపిస్తుంది. బొటనవేలి కింద నెత్తురు, దాని మీద అద్దిన కారం.

బేగంబజార్‌లో పప్పులు, మిరపకాయలు టోకున అమ్మే ఆయన దుకాణంలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. డిగ్రీ తప్పి, ఇంట్లో ఎవరి ముందూ తలెత్తలేక తిరుగుతున్న రోజుల్లో ఆడపిల్లనని వెనకాడక పిలిచి పనిచ్చిన మనిషి. మొదటి రోజే నా చేతిని కందిపప్పు బస్తాలోకి మోచేతి దాకా దింపించాడు. పై గింజ చూసి సరుకు మంచిదనుకోవద్దని, అడుగుదాకా తడిమి చూడమని చెప్పాడు. ఇప్పుడు నా సొంత చిన్న దుకాణంలోనూ అలాగే చూస్తాను. ఆయన నేర్పిన ఇంకో సంగతి, దుకాణం మాట గడప దాటకూడదని. ఎవరి సరుకు ఎటు పోయిందో, సేట్ ఎవరి మీద కేకలేశాడో బయట అనకూడదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ మాట జవదాటలేదు. అదే నేను చేసిన పాపం.

ఎలుకల కోసం గోదాంలో మున్నీ అనే పిల్లి ఉండేది. సేట్ ఎవరికీ మెత్తబడే రకం కాదు గానీ, దానికి మాత్రం ఇంటినుంచి పాలు తెచ్చేవాడు. పశువుల దవాఖానలో పనిచేసే గిరాకీ ఒకాయన దాన్ని చూసి, రేబిస్ టీకా వేయించారా అని అడిగాడు. పిల్లులకూ ఆ రోగం వస్తుందని, టీకా ఏటా వేయించాలని చెప్పి వెళ్లాడు. బుట్టలో పెట్టుకుని నేనే తీసుకుపోతానన్నాను. సేట్ నవ్వాడు.

"కుక్కకైతే సరే బిడ్డా. పిల్లికి సూదేంది? అది గోదాం దాటి ఎటు పోతది?"

అది రోజూ రేకుల మీదుగా పక్క సందులోకి దూకేది. ఒకసారి మెడ మీద కుక్క పంటిగాటుతో తిరిగొచ్చింది. అప్పుడు మళ్లీ అడిగాను. పని చూసుకోమని కసిరాడు. మూడోసారి అడగలేదు.

కొన్ని వారాలకు మున్నీ తిండి మానేసి బస్తాల వెనక నక్కింది. మూతినుంచి చొంగ కారుతోంది. బయటికి తీయబోతే సేట్ చేతిని కరిచి పట్టుకుంది. ఎలాగో విడిపించుకుని, పక్కనున్న కారం తీసి గాయంలో అద్దుకున్నాడు. సబ్బుతో కడుక్కోమన్నాను, దవాఖానకు పోదామన్నాను. వినలేదు.

"ఇంట్ల చెప్పకు. సులోచన లొల్లి చేస్తది," అన్నాడు.

సులోచనమ్మ ఆయన భార్య. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, సేట్ బయల్దేరాడా అని అడిగింది. బయల్దేరాడన్నాను. అంతవరకే అన్నాను. మూడో రోజు పిల్లి చచ్చిపోయింది.

రెండు నెలలకు ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోందన్నాడు. తర్వాత ఒకరోజు చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చి, గొంతు పట్టేసి విసిరికొట్టాడు. ఫ్యాను గాలికి ఉలిక్కిపడ్డాడు. దవాఖానలో డాక్టరు ఏదైనా కరిచిందా అని అడిగితే సులోచనమ్మ లేదంది. అప్పుడు నోరు తెరిచాను. కరిచిన రోజే గాయం కడిగి సూదులు వేయించుకుని ఉంటే బతికేవాడని, ఇక చేయగలిగింది లేదని డాక్టరు చెప్పాడు. నాలుగో రోజు సేట్ పోయాడు.

దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. సేట్ చెప్పొద్దన్నాడని సంజాయిషీ ఇచ్చుకున్నాను. సులోచనమ్మ ఏడవలేదు.

"ఆయన మొండోడని నీకెరికే. మరి నాకెందుకు చెప్పకపోతివి?"

 

మా సందులో ఎవరింటికి కుక్కపిల్ల వచ్చినా, పిల్లికూన వచ్చినా, మూడు నెలలు నిండగానే టీకా వేయించమని వెంటపడతాను. ఇంట్లోనే ఉంటది గదా అంటారు. గొడవ పెట్టుకుంటాను. కొందరు నన్ను చూడగానే తలుపేసుకుంటారు. వేసుకోనీ. అన్నం పెట్టిన మనిషిని తలుచుకుంటే ముందు గౌరవం కలగాలి. నాకు కోపం వస్తుంది, ఆయన మీద సగం, నా మీద సగం. ఆ కోపం చల్లారితే మళ్లీ బుద్ధిమంతురాలినై నోరు మూసుకుంటానేమోనని నా భయం.