బాపు నిద్రపోతుండగా తీసిన పాట

మొన్న పదో తరగతి పిల్లలు వీడ్కోలు సభ కోసం తీసిన పాటొకటి తెచ్చి నా ముందు పెట్టారు. చివరి పీరియడ్ అయిపోయింది. స్టాఫ్ రూంలో చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఇంటికి వెళ్ళడానికి లేవాలన్న ఆలోచనే బరువుగా ఉన్న వేళ అది. ఫోనులో మా బడి వరండా కనిపించింది. అందులోంచి నలుగురు ఆడపిల్లలు నీళ్ళలో నడుస్తున్నట్టు నెమ్మదిగా వస్తున్నారు. అందరి జుట్టూ ఒకే పక్కకు ఎగురుతోంది. ఆ వరండాలో ఆకు కూడా కదలదని ఇన్నేళ్ళుగా అందులో తిరుగుతున్న నాకు తెలుసు. "ఫ్యాను ఎవరు పట్టుకున్నారే?" అని అడిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నాకెలా తెలిసిందో వాళ్ళకు అర్థం కాలేదు. చెప్పాలంటే మా తమ్ముడి దగ్గర మొదలుపెట్టి మా బాపు దగ్గర, అంటే మా నాన్న దగ్గర, ఆగాలి. ఆ సాయంత్రం నాకంత ఓపిక లేదు. ఇవాళ ఆదివారం, కొంచెం ఉంది.

అప్పుడు మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటగది, వెనక చిన్న పెరడు. అమ్మ పోయి రెండు మూడేళ్ళయింది. నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఇంట్లో పొయ్యి వెలిగించేదాన్ని. తమ్ముడు డిగ్రీ చివరి సంవత్సరం. బాపు బాయిలో పనిచేసేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. పట్టపగలు ఎండలో బాయి దాకా సైకిలు తొక్కితే ఆయాసం వస్తోందని, ఆ ఎండాకాలం తోటివాళ్ళతో మార్చుకుని వరుసగా నైట్ షిఫ్టులే చేశాడు. పొద్దున వచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకుంటే సాయంత్రానికి లేచేవాడు. మా లైనులో ప్రతి నాలుగిళ్ళకూ ఒక ఇంట్లో ఎవరో ఒక నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకునే ఉండేవాడు. అందుకని అక్కడి పిల్లలకు మెల్లగా మాట్లాడటం ఉగ్గుతో పాటే అబ్బేది. కూరగాయల బండివాడు కూడా మా లైను మలుపు తిరగగానే గొంతు తగ్గించేవాడు. గోలీలాట సైతం చప్పుడు లేకుండా ఆడిన పిల్లలు ఈ భూమ్మీద మా కాలనీలోనే ఉండి ఉంటారు.

టీవీ ముందు గదిలో ఉండేది, బాపు లోపలి గదిలో పడుకునేవాడు. మధ్యాహ్నం పూట కేబుల్లో ప్రైవేటు ఆల్బం పాటలు వరుసగా వేసే రోజులవి. తమ్ముడు కాలేజీ ఎగ్గొట్టి మరీ వచ్చి, సౌండు పూర్తిగా తీసేసి వాటిని చూసేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి చీకటి చేసుకున్న గదిలో, చప్పుడు లేని తెర ముందు, పూజలో కూర్చున్నవాడిలా కూర్చుని ఉండేవాడు. వినడానికి వీల్లేని పాటను అంతసేపు చూడటమేమిటని మొదట్లో నవ్వుకునేదాన్ని. అయితే వాడు అలా చూసి చూసి మిగతావాళ్ళకు కనబడనివి పట్టుకున్నాడు. గాలి ఎప్పుడూ ఎడమ పక్క నుంచే వస్తుందట. పాడే అమ్మాయి ఒక చరణంలో కట్టిన చీర రెండో చరణంలో కట్టదట. ఒక బొమ్మ మీద కన్ను నిలిచేలోగా ఇంకో బొమ్మకు దూకాలట. ఎక్కడ దూకాలో గోడ మీద వేళ్ళతో దరువేసి చూపించేవాడు. ఇక మంచు. ప్రేమ పాటైతే మంచు ఉండి తీరాలన్నది వాడి సిద్ధాంతం. రోళ్ళు పగిలే ఎండలో కూర్చుని ఈ మాట చెప్పేవాడు.

ఆ వేసవిలోనే ఒక చానెల్ వాళ్ళు విద్యార్థులు సొంతంగా తీసిన పాటలు పంపమన్నారు. నచ్చినవాటిని ప్రసారం చేస్తామని, బాగా తీసినవాళ్ళకు పట్నంలో ఎడిటింగ్ నేర్పిస్తామని చెప్పారు. తమ్ముడి కళ్ళు ఆ రోజు నుంచి వేరే అయిపోయాయి. దానికి ఇంకో కారణం కూడా ఉంది. బాపుకు ఆయాసం మొదలైనప్పటి నుంచి మా మేనత్త వచ్చిన ప్రతిసారీ ఒకటే పోరు పెట్టేది. మెడికల్ బోర్డుకు వెళ్ళి అన్‌ఫిట్ అనిపించుకుంటే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది, ఇల్లు నిలబడుతుంది, ఇంకెందుకు ఆలస్యం అని. ఆమె మాటలో తప్పేమీ లేదు. మా లైనులో సగం ఇళ్ళు అలాగే నిలబడ్డాయి. బాపు ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తమ్ముడు మాత్రం ఆమె వచ్చిందంటే పెరట్లోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పట్టేవాడు. ఆమె ఉన్నంతసేపూ పట్టేవాడు. మా పెరట్లో ఉన్నవి రెండే మొక్కలు.

పాట వాడే రాశాడు. అందులో మంచు మూడుసార్లు వచ్చింది. పాడింది వాడి క్లాసు పిల్ల. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్ నడిపేవాడు. మంచి గొంతు. కరీంనగర్‌లో ఒక చిన్న గదిలో పాట రికార్డు చేయించారు. కెమెరా మా బజార్లో పెళ్ళి వీడియోలు తీసే ఒక అన్నది. సరిగ్గా అప్పుడే మూఢం వచ్చి ముహూర్తాలు లేకపోవడంతో, ఊరికే పడి ఉండేకన్నా నయమని కెమెరాతో పాటు తనే వచ్చేవాడు. పెళ్ళి కెమెరా అలవాటు కదా, ఎవరిని తీసినా వాళ్ళు అక్షింతలు వేస్తారేమో అన్నట్టు కాసేపు ఆగేవాడు. తమ్ముడు "అన్నా, జల్ది దుంకాలె" అని వెనక నుంచి భుజం తట్టేవాడు.

మంచు కోసం వాళ్ళు కరెంటు ప్లాంటు బూడిద చెరువు గట్టుకు వెళ్ళారు. తెల్లగా, కనుచూపు మేర, దూరం నుంచి చూస్తే నిజంగానే మంచులా ఉంటుంది. ఏప్రిల్ ఎండలో స్వెటర్లు వేసుకుని, మెడకు మఫ్లర్లు చుట్టుకుని, ఆ పిల్లా, హీరోగా వేసిన కుర్రవాడూ చేతులు చాపి తిరిగారు. గాలి లేస్తే బూడిద కళ్ళలో పడేది, లేవకపోతే జుట్టు ఎగిరేది కాదు. సాయంత్రం మా ఇంటికొచ్చి మొహాలు కడుక్కుంటుంటే తొట్టిలో నీళ్ళు సున్నంలా మారాయి. ఆ పిల్ల దగ్గుతూ, "అక్కా, ప్రేమంటే ఇంత కష్టమా అండీ?" అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను. ఆ వయసుకు నాకు నిజంగానే తెలియదు.

అసలు తంటా ఇంటి లోపల తీసేవాటితో వచ్చింది. అమ్మ చీరలు ముందు గదిలో తెరల్లా కట్టి, పక్కింటి టేబుల్ ఫ్యాను నా చేతికిచ్చి, వాటిని ఎగరేయించారు. పాట టేపులో మోగుతుంటే దానికి తగ్గట్టు పెదవులు కదపాలి. టేపు గట్టిగా పెడితే లోపల బాపు లేస్తాడు. అందుకని గది దాటి వినబడదనుకున్నంత చిన్నగా పెట్టారు. పెదవులు కూడా భయంభయంగానే కదిలేవి. ఎవరికైనా అడుగు తప్పితే అందరం ఊపిరి బిగబట్టి లోపలి తలుపు వైపు చూసేవాళ్ళం. కూలర్ రొద వినిపించేది. హమ్మయ్య అనుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. దాదాపు వారంపాటు ఇదే వరస. ఆ రోజుల్లో గది ఊడుస్తున్నప్పుడు బాపు మంచం తలుపు దగ్గరికి జరిగి ఉండటం గమనించాను. కూలర్ గాలి మొహాన కొడుతోందేమో, అందుకే జరుపుకున్నాడనుకుని రోజూ దాన్ని మళ్ళీ గోడ దగ్గరికి నెట్టేదాన్ని.

కాలేజీ వార్షికోత్సవంలో తెరకట్టి ఆ పాట వేశారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బూడిద చెరువు రాగానే హాలంతా గొల్లుమంది. ఆ ఊళ్ళో దాన్ని గుర్తుపట్టని మనిషి ఎవరు? అది నవ్వులతో పోయింది గానీ, చీరల తెరల మధ్య పాట వచ్చినప్పుడు మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంది. పాటేమో గొంతెత్తి మోగుతోంది. మనుషులు మాత్రం ఒకరి చెవిలో ఒకరు చాడీలు చెప్పుకుంటున్నట్టు పెదవులు విప్పీ విప్పకుండా ఉన్నారు. గాలి ఎడమ నుంచే వస్తోంది, చీరలు మారుతున్నాయి, బొమ్మలు దూకుతున్నాయి, అన్నీ టీవీలో ఉన్నట్టే ఉన్నాయి. పాడుతున్నట్టు మాత్రం లేరు. చప్పుడు లేని టీవీ చూసి నేర్చుకున్నవాడికి ఆ ఒక్కటీ తట్టలేదు. పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. తమ్ముడు మా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు బాపుకు సెలవు. పొద్దున చాయ్ తాగుతూ తమ్ముణ్ణి పిలిచి కూర్చోమన్నాడు.

"మీరందరు గట్ల గుసగుస పెట్టినట్టు పాడుతున్నరేందిరా? పాటేమో గంత పెద్దగ ఉండె."

"నువ్వు లేస్తవని, బాపు."

"నేను పండుకుంటె గద లేసేది."

మాకు అర్థం కాలేదు. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, ఏదో బజారు సంగతి చెబుతున్నట్టు మామూలుగా చెప్పాడు. తలుపు పక్కకు మంచం గుంజుకుని రోజూ విన్నాడట. కూలర్ చప్పుడుకు మాటలు సరిగా అందకపోతే చెవి తలుపుకు ఆనించేవాడట. ఆ పిల్ల మంచిగా పాడుతుందన్నాడు. రెండో చరణం తనకు కూడా వచ్చేసిందన్నాడు. వారం రోజులు పగలు నిద్ర లేకుండా రాత్రిళ్ళు బాయిలో ఎలా పనిచేశావని నేనడిగాను. చేసిన, బిడ్డా, ఒకనాడు పని మీదనే కన్నంటుకుంటే పక్కన ఉన్నతను గుంజి లేపాడు, అంతే, అన్నాడు. బాయిలో కన్నంటుకోవడమంటే ఏమిటో ఆ కాలనీలో పుట్టిన పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తమ్ముడు బాపు దగ్గరికి జరిగాడు. "ఒక్క మాట చెప్తె మేం బంద్ చేద్దుము గద, బాపు."

"అందుకే చెప్పలె," అన్నాడు బాపు.

ఆ నెలలోనే మేనత్త మళ్ళీ వచ్చింది. ఈసారి తమ్ముడు పెరట్లోకి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి, బోర్డుకు పోదాం బాపు, నేను దిగుతా అన్నాడు. నిజంగానే అన్నాడు. వాడి మొహం చూస్తే తెలిసింది. బాపు చెల్లెలి వైపు తిరిగి, "నాకు దమ్మున్నన్ని రోజులు నేనే దిగుత. వీడు పట్నం పోతడు. పిలుపు వచ్చినా రాకున్నా, నేర్సుకోనీ," అన్నాడు. మేనత్త అన్నం తినకుండానే వెళ్ళిపోయింది. చాలా రోజులు మా ఇంటికి రాలేదు.

చానెల్ నుంచి పిలుపు రాలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం విద్యార్థుల పాటలంటూ కొన్ని ముక్కలు వేశారు, అందులో మాదీ కాసేపు కనిపించింది. ఆ యాంకరమ్మ ఈ మంచు కొండలు ఎక్కడివో గానీ ఎంత బాగున్నాయో అంది. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటికే వాడి బట్టల సంచి సర్ది ఉంది.

పట్నంలో ఒక ఎడిటింగ్ గదిలో చేరాడు. మొదట్లో టీ తెచ్చాడు, తర్వాత పెళ్ళి వీడియోలు కత్తిరించాడు, ఉద్యమం రోజుల్లో రాత్రింబవళ్ళు తెలంగాణ పాటలు కూర్చాడు. వాడి పేరు ఎప్పుడైనా తెర మీద పడుతుందేమోనని చూసేవాళ్ళం. పడలేదు. వాడు పెద్దవాడేమీ కాలేదు. అదే పని చేసుకుంటూ, అదే పనితో ఇల్లు నడుపుకుంటున్నాడు, ఆ పనంటే ఇప్పటికీ ఇష్టం. బాపు మాత్రం ఒక్కో ఏడూ ఈడ్చుకుంటూ రిటైర్మెంటు దాకా బాయిలోకి దిగాడు. చివరి ఏళ్ళలో డ్యూటీ నుంచి వచ్చి గడప మీదే కూర్చుండిపోయేవాడు. నీళ్ళ చెంబు చేతికిస్తే తాగడానికి కూడా కాసేపు ఆగేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని చూశాడు. అక్కడి నుంచి గేటు దాకా నడవడానికి ఊపిరి సరిపోలేదు. ఆ మరుసటి చలికాలం దవాఖానలో పోయాడు. తమ్ముడికీ ఆయనకూ మధ్య ఈ సంగతి మళ్ళీ ఎన్నడూ రాలేదు. వస్తే ఇద్దరిలో ఎవరూ తట్టుకోలేకపోయేవారేమో.

ఆ పాట తీసినప్పుడు నాకు ఇరవై అయిదో ఇరవై ఆరో ఉంటాయి. తర్వాతి ఏళ్ళలో బాపు గడప మీద కూర్చుంటే ముసలితనం అనుకునేదాన్ని, చెంబు ఇచ్చి నా పనిలో నేను పడిపోయేదాన్ని. ఆ పాట తీసిననాటికి ఆయనకు ఎంత వయసో ఈ మధ్యే లెక్క కట్టుకున్నాను. నేనిప్పుడు దానికి కొద్ది దూరంలోనే ఉన్నాను. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన సాయంత్రం, ఎవరైనా ఒక గంట నిద్ర మానుకో అంటే నేను మానుకోలేను, ఎంత కావలసినవాళ్ళ కోసమైనా సరే. ఒక మనిషి ఎంత అలసిపోయాడో కాలం మనకు ఆ రోజే చెప్పదు. మనల్ని కూడా అదే వయసు దాకా నడిపించి, కాళ్ళు పీకేలా చేసి, అప్పుడు తీరిగ్గా తెలియనిస్తుంది.