సిలిండర్లో జరీ పోగు

ఆదిత్యపూర్ మరమ్మతు షెడ్లలో అందరూ పని అయ్యాక చేతులు కడుక్కుంటారు. పోలరాజు పనికి ముందు కడుక్కుంటాడు. ఉదయం ఎనిమిదింటికి బాగ్‌బేరా నుంచి సైకిల్ మీద వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, పెళ్లిలో వడ్డనకు దిగబోయేవాడిలా చేతులు దులుపుకుంటూ లోపలికి వస్తాడు. మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వనీ అనుకుంటాడు.

పాత ట్రాక్టర్ లోడర్ల హైడ్రాలిక్ సిలిండర్లు విప్పి, కడిగి, బిగించడం అతని పని. నూనె ఒత్తిడికి సిలిండర్లోంచి కడ్డీ బయటికి జరిగితేనే ముందున్న బకెట్ పైకి లేస్తుంది. లోపలి రబ్బరు సీలు కింద ఇసుక రేణువు చేరినా, దూది పోగు చిక్కినా, ఎత్తిన బకెట్ తనంతట తానే కిందికి జారుతుంది. పాలకొండ నుంచి వచ్చి ఈ పని నేర్చిన పదహారేళ్లుగా పోలరాజు ఈ ముక్క అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉన్నాడు.

అందుకే మిగతా షెడ్లలో తుడవడానికి వాడే కాటన్ వేస్టు ముట్టడు. అది పీచు వదులుతుందట. కిరసనాయిలుతో కడిగిన సిలిండర్ని, భార్య సింహాచలమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నేత చీరలతోనే తుడుస్తాడు. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ ఆ గుడ్డ చూపించి ఉపన్యాసం ఇస్తాడు. ఈయనకి పెళ్లాం చీర లేనిదే పాన కూడా తిరగదని యజమాని ఒకసారి అన్నాడు. పోలరాజు దాన్నీ మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

ఎనభై మూడు వేసవిలో ఒక కంట్రాక్టరు తన ముసలి లోడర్ని పంపాడు. దాన్ని నడిపే సీతారాం టెక్కలి వైపువాడు. నాలుగేళ్లు పార పట్టి, ఆర్నెల్ల క్రితమే సీటెక్కాడు. పోలరాజు రెండు సిలిండర్లూ బాగుచేసి పంపించాడు. మర్నాడు మధ్యాహ్నానికి లోడరు తిరిగొచ్చింది. బకెట్ ఎత్తి ఉంచితే గంటలో కడ్డీ ఏడంగుళాలు లోపలికి పోతోంది.

తప్పు తనదేమోనన్న ఆలోచన పోలరాజుకి రాలేదు. అలాంటి ఆలోచన అతనికి అలవాటు లేదు. కడ్డీ వంక చూశాడు, కొత్త సీళ్ల డబ్బా వంక చూశాడు, చివరికి సీతారాం వంక చూశాడు. మురికి డబ్బాతో నూనె పోసి ఉంటాడని యజమానికి చెప్పాడు. యజమాని కంట్రాక్టరుకు చెప్పాడు. సిలిండరు విప్పి చూడమని, నూనెలో మురికి కనిపిస్తే సీతారాం మళ్లీ పార పట్టుకోవాల్సిందేనని కంట్రాక్టరు కబురు పంపాడు.

సీతారాం పెద్దగా వాదించలేదు.

"మూత తుడిసి, డబ్బా కడిగే పోసాను మిస్త్రీ. నువ్వు సెప్పినట్టే."

"నాను సెప్పినట్టు సేత్తే బకెట్ దిగుద్దేటి?" అన్నాడు పోలరాజు.

మర్నాడు ఉదయం చేతులు కడుక్కుని, బకెట్‌ని నేలకు ఆన్చి, ఎడమ సిలిండరు విప్పాడు. నూనె తేనెలా తేటగా వచ్చింది. మురికి జాడే లేదు. కడ్డీ లాగి చూస్తే, సీలు అంచున బ్లేడుతో గీసినట్టు కోత. కోతలో ఏదో మెరుస్తోంది. గోటితో లాగాడు. బెత్తెడు జరీ పోగు.

కిందటి వారం చీర ఇస్తున్నప్పుడు సింహాచలమ్మ అతన్ని ఆపబోయింది. "ఉండు మావా, అంచు కోసి ఇత్తాను. జరీ రాలతంది." సిలిండర్ల సంగతి నువ్వు నాకు నేర్పొద్దని చెప్పి, చీర లాక్కుని సైకిలెక్కాడు.

యజమాని వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సీతారాం బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని పళ్లెంలో నూనెనే చూస్తున్నాడు. పోగు పోలరాజు గుప్పిట్లో ఉంది. పక్కనే మురుగు కాలువ. ఒక్క విదిలింపుతో పోయేది. కానీ పదహారేళ్ల ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి. అన్నీ తన గొంతుతోనే. ఎంత చెత్త గొంతో అప్పుడే తెలిసింది.

గుప్పిట విప్పాడు. "నీ నూనె సుబ్బరంగానే ఉందిరా. ఇది మా ఇంటిదాని సీర పోగు." యజమానిని పిలిచి అదే మాట హిందీలో చెప్పాడు.

సీతారాం పోగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా సెల్లి పెళ్లికే జరీ సీర పెట్టనేకపోనాం మిస్త్రీ. నువ్వు లోడరుకి కట్టావు."

సాయంత్రానికి ఆ మాట వీధిలోని షెడ్లన్నీ తిరిగొచ్చింది. ఇంట్లో పోలరాజు తనే చెప్పేశాడు. నిజాయితీ వల్ల కాదు. సీతారాం ఉండేదీ బాగ్‌బేరాలోనే. సింహాచలమ్మ నవ్వలేదు. కత్తెర తెచ్చి ఇంకో పాత చీర ముందేసుకుంది.

"పదారేళ్లూ అంచులు కోసి, కుట్లు ఇప్పి, ఉతికి ఇచ్చిందెవులనుకున్నావు?"

ఆ చీరలకు అంచులుండేవన్న సంగతే తనకు తట్టలేదని పోలరాజు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

మర్నాడు అంచు లేని గుడ్డతో తుడిచి, కొత్త సీలు వేసి బిగించాడు. పది గంటలకు బకెట్ ఎత్తి, ఇంజను ఆపారు. కొలత టేపు సీతారాం పట్టుకున్నాడు. పోలరాజు మాట మీద ఆ పూట ఎవరికీ నమ్మకం లేదు, పోలరాజుతో సహా. పదకొండింటికి మళ్లీ కొలిచారు. కడ్డీ లోపలికి పోయింది అంగుళంలో ఎనిమిదో వంతే. సీతారాం టేపు చుట్టి ఇచ్చేసి, సీటెక్కాడు.