మా బావ ట్రైనింగు, నా చదువు

మొన్న ఆదివారం మా కోడలు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఎదురుగా చక్కెర డబ్బాకు సెల్‌ఫోను ఆనించి పెట్టుకుని ఏదో పాఠం వింటూ ఉంది. వింటూ ఉందనడం కూడా కాస్త ఎక్కువే, ఫోను మానాన ఫోను మాట్లాడుతోంది, ఆమె మానాన ఆమె కాయలు చూసుకుంటోంది. ఆ పిల్ల శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో క్యాంటీను తిండి, తాగే నీళ్లు, మురికి కాలువలు, పనివాళ్లు పీల్చే గాలి, వీటన్నిటి మంచీచెడూ చూసే ఉద్యోగం చేస్తుంది. పొద్దున ఇక్కడ మణవాళనగర్‌లో కంపెనీ బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే దిగడం. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు డిగ్రీ వచ్చేసింది కదా అని కాళ్లు చాపుకుని కూర్చుంటే కుదరదట, ఏటా ఇన్ని గంటలని కొత్త సంగతులు నేర్చుకుని, నేర్చుకున్నట్టు రుజువు చూపిస్తేనే వాళ్ల సంఘంలో పేరు నిలుస్తుందట, లేకపోతే తీసేస్తారట. ఏడాది చివరికొచ్చేసింది, గంటలు నిండలేదు, అందుకని ఆదివారాలన్నీ ఈ పాఠాలకే సరిపోతున్నాయి. "పెద్ద తలనొప్పి అత్తా ఇది. దాని పాటికది పోతా ఉంటే చాలు, నేను చూస్తానా లేదా అని ఎవురొచ్చి అడగతారు?" అని నవ్వింది.

ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు, వారమంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి. కానీ ఆ ఫోనులో గొంతు, నీళ్లలో వేసిన క్లోరిన్ ఇంకా మిగిలి ఉందో లేదో ఎలా చూడాలో చెప్పడం మొదలుపెట్టేసరికి, నేను ఒలుస్తున్న వెల్లుల్లి చేట పక్కకు జరిపి, ముక్కుమీద కళ్లద్దాలు సర్దుకుని ఆ పాఠం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. కోడలు నన్ను వింతగా చూసింది. ఆమెకేం తెలుసు, ఆ పాఠం నేను ఆమె పుట్టకముందే, ఒకసారి కాదు, నోటికొచ్చేదాకా చదివానని.

మా ఆయన నాకు వరసకే కాదు, నిజంగానే బావ, మా మేనత్త కొడుకు. తిరుత్తణిలో టీకాలు వేసే ఉద్యోగం. ఆడి కృత్తిక పండక్కి కావళ్లు మోసుకుంటూ వచ్చే జనాన్ని కొండ కింద ఆపి కలరా సూదులు వేసేవాడు, స్వామి పేరు కేకలేసుకుంటూ వచ్చేవాళ్లు ఈయన్ను చూడగానే గొంతు తగ్గించి పక్క సందులోకి తిరిగేవాళ్లు. దేశంలో అమ్మవారు పోయిందని, ఇక మశూచి టీకాలతో పనిలేదని ప్రభుత్వం తేల్చాక, ఆ ఉద్యోగుల్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని నీళ్లూ, దోమలూ, హోటళ్లూ, మరుగుదొడ్లూ అన్నీ వాళ్లే చూడాలన్నారు. దానికి తిరువళ్ళూరులో కొత్తగా శిక్షణ, శిక్షణ చివర పరీక్ష. నెగ్గితే హెల్త్ ఇన్‌స్పెక్టరు, లేకుంటే ఉన్న చోటే, ఆ ఉన్న చోటు కూడా ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు.

పాఠాలు తమిళంలో, పరీక్షా తమిళంలోనే. మా బావ తమిళం మాట్లాడితే తమిళులే తమవాడనుకునేవాళ్లు, కానీ చదవమంటే మాత్రం అక్షరం ముక్క రాదు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలవకముందు చిత్తూరు జిల్లాలో ఉన్నప్పుడు తెలుగు బడిలో చదివిన మనిషి ఆయన. నేనేమో పాండూరు పిల్లను, తిరువళ్ళూరులో తమిళ బడిలో ఎస్సెస్సెల్సీ దాకా చదివినదాన్ని; ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే అయినా నాకు తెలుగు నోటికే తప్ప కంటికి రాదు. ఒకే ఇంటి భాష మాట్లాడుకునే ఇద్దరం, చదువు దగ్గరికొచ్చేసరికి చెరొక ఒడ్డున నిలబడ్డాం.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. సాయంత్రం ఆయన అరక్కోణంలో రైలు మారి తిరుత్తణిలో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని కాఫీ తాగాక, నేను వరండాలో కూర్చుని తమిళ పుస్తకం పైకి చదివేదాన్ని, ఆయన అదే తమిళాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. తరగతిలో పక్కన కూర్చున్నవాళ్లు ఆ రాత చూసి, ఇదేం భాషయ్యా, చదివితే మా తమిళంలా వినపడుతుంది, చూస్తే జిలేబీల్లా ఉంది అని ఆటపట్టించేవాళ్లట. పరీక్షలో మాత్రం జిలేబీలు చెల్లవు కాబట్టి తర్వాత నేను ఆయనకు తమిళ అక్షరాలు దిద్దించాను, చిన్నపిల్లలకు దిద్దించినట్టు ఆయన వేలు పట్టుకుని మరీ. దానికి బదులుగా ఆయన నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఈ నాలుగు ముక్కలూ వాటితోనే రాస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు వీటిని చదవగలిగేది నేనొక్కదాన్నే, కొడుకుకూ కోడలికీ తమిళం, మనవరాలికి ఇంగ్లీషు.

చదవగా చదవగా ఆ పాఠాలు ఆయనకు పరీక్ష కోసం ఎక్కితే, నాకు ఊరికే ఎక్కాయి, ఊరికే ఎక్కినవే బాగా నిలుస్తాయేమో. బావి నీళ్లను బాగుచేసే జంట కుండ గురించి చదివిన మర్నాడు ఆయన రైలెక్కిపోగానే, నేను రెండు కుండలకు బొక్కలు పెట్టి, చిన్నదానిలో ఇసుకా బ్లీచింగ్ పౌడరూ కలిపి పోసి, దాన్ని పెద్దదానిలో దించి, మూతి కట్టి, తాడుతో మా పెరటి బావిలో నీళ్లలోకి వేలాడదీశాను. చెప్పి చేయాలన్న బుద్ధి అప్పట్లో లేదు. మా అత్త నీళ్లు చేదుకుందామని వెళ్లి, బావిలో మూతికి గుడ్డ కట్టిన కుండ చూసి, "అయ్యో, ఎవురో మన బావిలో చేతబడి చేసినారే!" అని పెట్టిన కేకకు వీధంతా పెరట్లోకి వచ్చేసింది. ఒకామె అప్పుడే వేపమండలు విరుచుకొచ్చింది, ఇంకొకామె పూజారిని పిలవడానికి బయల్దేరింది. నేను నవ్వాపుకోలేక, చేతబడి చేసిన మంత్రగత్తెను నేనేనని ఒప్పుకుని, ఆ కుండ ఏమిటో, ఎందుకో, విరేచనాలకూ నీళ్లకూ సంబంధమేమిటో అందరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు చెప్పడం వచ్చునని. ఖాకీ నిక్కరు వేసుకున్న ఉద్యోగి వస్తే తలుపు వేసుకునే ఆ ఆడవాళ్లే నన్ను వంటింట్లోకి పిలిచి, నీళ్ల తొట్టెలో తోకాడిస్తున్న పురుగులు చూపించి ఇవేమిటే పిల్లా అని అడిగేవాళ్లు, దోమ పిల్లలని చెబితే నోళ్లు నొక్కుకుని అప్పటికప్పుడు తొట్టె ఒంపేసేవాళ్లు. నెల తిరిగేసరికి మా వీధిలో చాలా బావుల్లో జంట కుండలు వేలాడాయి. ముందు కేకపెట్టిన మా అత్తే ఇప్పుడు వచ్చినవాళ్లకల్లా, "మా కోడలు కనిపెట్టిన కుండ" అని చెప్పుకునేది, నేను కనిపెట్టలేదత్తా అంటే వినేది కాదు.

శిక్షణలో భాగంగా ఒకరోజు ఆ తరగతి వాళ్లందరినీ వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు గారు తిరుత్తణికి వచ్చారు, బావుల్లో నీళ్లు పరీక్ష చేయించడానికి. మా వీధిలో ఏ బావి నీళ్లు గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేసినా చక్కగా పసుపు రంగు తిరుగుతోంది, అంటే క్లోరిన్ ఉన్నట్టు లెక్క. మందు చెడిపోయిందేమోనని ఆయన ఇంకో సీసా తెప్పించారు. అదీ అంతే. ఎవరు చేశారిదని అడిగితే ఆడవాళ్లందరూ మా ఇంటివైపు చెయ్యి చూపించారు. ఆయన నన్ను పిలిచి చాలాసేపు మాట్లాడి, ఎంత దాకా చదివావని అడిగి, ఆరోగ్య శాఖలో ఆడవాళ్లకు ఒక కోర్సు మొదలవుతోందని, ఏడాదికి పైగా హాస్టల్లో ఉండి చదవాలని, ఎస్సెస్సెల్సీ చాలునని, తాను రాసి పంపుతానని తమిళంలో నెమ్మదిగా, నాకు అర్థమవుతోందా లేదా అన్నట్టు చూస్తూ చెప్పారు. మగవాళ్లం వీధిలో నిలబడి అరవాల్సిందే, వంటింట్లోకి నీలాంటివాళ్లే పోగలరమ్మా అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను నేలమీద నడవలేదంటే నమ్మండి. బడిలో ఇచ్చిన సర్టిఫికెట్టు పెట్టె అడుగునుంచి తీసి ముడతలు పోయేలా పరుపు కింద పెట్టాను, హాస్టలుకని రెండు నూలు చీరలు వేరుగా తీసి ఉంచాను, భుజానికి సంచీ తగిలించుకుని ఊరూరా తిరుగుతున్నట్టు, బావుల దగ్గర ఆడవాళ్లందరూ నాకోసం చూస్తున్నట్టు ఊహించుకున్నాను. మా అత్త, ఆమె నాకు మేనత్త కూడా కదా, "పోయిరావే, ఇంటి సంగతి నేను చూసుకుంటా" అంది. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోర్సు మొదలయ్యేది మా బావ పరీక్షకు ముందు. నేను వెళ్లిపోతే సాయంత్రాలు పుస్తకం చదివి వినిపించేదెవరు? ఆ మాట ఆయన నోటితో అనలేదు. పోతావా అని కూడా అడగలేదు. నేనే అడిగితే, "నీ ఇష్టం మే. నేనేమన్నా వద్దంటినా?" అని, బాగానే ఉన్న సైకిలు గొలుసు ఊడదీసి బిగిస్తూ కూర్చున్నాడు. వద్దంటే పోట్లాడి ఉండేదాన్ని, మా వంశంలో ఆడవాళ్లకు నోటికేం తక్కువ లేదు. పొమ్మంటే ఎగిరి వెళ్లేదాన్ని. ఆ "నీ ఇష్టం" అనే మాట ముందు మాత్రం నాకు ఇష్టమేదో చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే యేడు పోతానని డాక్టరు గారికి చెప్పమన్నాను. ఆ పూట ఆయన ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, నాకు గుర్తుంది.

పరీక్ష నెగ్గాడు, బాగానే నెగ్గాడు, ఇన్‌స్పెక్టరయ్యాడు. వచ్చే యేటికి మావాడు కడుపులో ఉన్నాడు. ఆ పై యేటికి డాక్టరు గారికి బదిలీ అయింది, ఆ తర్వాత నా వయసు దాటిపోయింది. శాఖలో అప్పుడప్పుడూ కొత్త శిక్షణలు పెడుతూనే ఉండేవాళ్లు, పుస్తకాలు ఇంటికి వస్తూనే ఉండేవి. అప్పటికి తానే చదవగలిగినా, "నువ్వు చదివితే ఎక్కినట్టు నేను చదివితే ఎక్కదు" అని నా చేతికే ఇచ్చేవాడు. ఆ సాయంత్రాలు నాకు సంతోషంగా ఉండేవి, ఆ మాట దాచను. అయినా పుస్తకం మూసి ఆయనకిచ్చి, పొయ్యి దగ్గరికి లేచి వెళ్లేటప్పుడు ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమనేది.

ఆయన రిటైరైన రోజు ఆఫీసులో సభ పెట్టి దండలు వేశారు. ఇల్లంతా చుట్టాలు. ఆయన చెప్పులు విప్పుతూ గడప దగ్గరే నిలబడిపోయి, నాకు మాత్రమే వినపడేలా, "ఆ పొద్దు నిన్ను ఆ కోర్సుకు పంపించుండాల్సింది. నేను నోరు తెరిచి పో అని చెప్పలేదు" అన్నాడు. అన్నేళ్ల తర్వాత ఆయన మనసులో అది ఉందని నాకు అప్పుడే తెలిసింది. లోపల చుట్టాలు కాఫీ కోసం కూర్చున్నారు, నాకు కళ్లు చెమర్చాయి, అది కనపడకూడదని, "పోనీ బావా, ఇప్పుడెందుకదంతా" అని గబగబా లోపలికి వెళ్లిపోయాను. మళ్లీ ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన పోయి కూడా కొన్నేళ్లవుతోంది.

మా వీధి బావులన్నీ పూడ్చేశారు, ఇప్పుడు అక్కడికి నీళ్లు క్యాన్లలో బండిమీద వస్తాయి. నేర్చుకోకపోతే సంఘంలో పేరు తీసేస్తారని మా కోడలు విసుక్కుంటోంది. నన్ను అలా ఎవరైనా మెడమీద చెయ్యివేసి నేర్చుకో అని నెట్టి ఉంటే ఎంత బాగుండేదని ఆమె విసుగు చూసినప్పుడల్లా అనిపిస్తుంది. అది ఆమెకు చెబితే నవ్వుతుంది, నవ్వనీ, ఆమె కాలం వేరు. కోర్సుకు పోలేదన్న బాధ ఈ వయసులో చాలావరకు అరిగిపోయింది. అరగనిది ఆ గడప దగ్గరి మాటే. "అవును బావా, నాకు పోవాలనే ఉండింది, చాలా ఉండింది" అని ఆరోజు ఒక్క మాట అని ఉంటే ఆయన నొచ్చుకునేవాడే, కానీ నా కోరిక ఎంతటిదో నాతోపాటు ఇంకొక మనిషికి తెలిసి ఉండేది.