గడప మీది వెలుతురు

దీపాలు కొనే విషయంలో నా అంత తెలివితక్కువవాడు నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా వెతికినా దొరకడని ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ రెండింటి మధ్య దూరం పెద్దగా లేదు కాబట్టి, ఎవరికైనా అనుమానముంటే అఫ్జల్‌గంజ్ దాకా వెతుక్కోవచ్చు. ఉద్యోగ విరమణ చేశాక మా రెండో అంతస్తు ఇంట్లో వెనక బాల్కనీని ఆనుకుని ఉన్న చిన్న గదిని వర్క్‌షాపు చేసుకున్నాను. వర్క్‌షాపంటే పెద్దగా ఊహించుకోకండి: ఒక బల్ల, ఒక కుర్చీ, కొన్ని సూదులు, మా అమ్మ దారాలతో సహా వదిలి వెళ్లిన బిస్కెట్ల రేకు డబ్బా. చేసే పని రఫూ. అంటే బట్టకు పడ్డ చిల్లు మీద పోగు పక్కన పోగు అల్లి, అక్కడ ఏమీ జరగనట్టు చేయడం. ఆఫీసులో నేను ఇన్నేళ్లు చేసిన పని కూడా ఉన్నా లేనట్టే ఉండేది గనక ఇది నాకు నప్పుతుందనుకున్నాను.

గదికి మంచి లైటు కావాలి. మా బావనడిగాను. బావంటే మా అక్క మొగుడు, ఏ విషయంలోనైనా అడగకముందే సలహా చెప్పే మనిషి. "తెల్ల లైటు పెట్టు బామ్మర్దీ, మా బాత్రూంల గూడ అదే పెట్టిన. పట్టపగలే అనుకో" అన్నాడు. నేను ఆబిడ్స్ వెళ్లి, డబ్బా మీద వాట్లు చూసి కొని పాట్లు తెచ్చుకున్నాను. దాన్ని గది నడిమధ్యన సీలింగుకు బిగించి, బల్లను గోడవైపు వేసుకుని కూర్చుంటే నా తల నీడ సరిగ్గా సూది మీదే పడింది. నా పనికి నేనే అడ్డమని మా ఆవిడ పెళ్లైనప్పటినుంచీ అంటున్న మాటకు ఒక సాక్ష్యం దొరికింది.

అయినా తగ్గకుండా మెడ వంకర పెట్టుకుని మొదటి పని మొదలుపెట్టాను. అది బావ కోటే. కాఫీ రంగు కోటు, మోచేతి దగ్గర ఎలుక రుచి చూసింది. కోటు లోపలి మడతలోంచే పోగు లాగి వాడటం పద్ధతి. నేను లాగిన ప్రతి పోగూ తెగిపోతుంటే డబ్బా మూత తీశాను. అచ్చం అదే రంగు దారం దొరికింది. ఆ తెల్ల లైటు కింద దారమూ కోటూ కవలపిల్లల్లా కనిపించాయి. మర్నాడు బావ ఆ కోటు వేసుకుని వాళ్లన్న కొడుకు పెళ్లికి వెళ్లాడు. పెళ్లి ఆరుబయట. పొద్దుటి ఎండ పడేసరికి నా రఫూ పచ్చగా తేలింది. అదీ మామూలు పచ్చ కాదు, నాచు పచ్చ, నిడుపాటి ముక్క, కొసన చిన్న తోక. బావ సిగ్గుపడలేదు సరికదా, వచ్చినవాళ్లందరికీ చెయ్యెత్తి చూపించాడు. "మా బామ్మర్ది నా చేతి మీద బల్లిని కుట్టిండు. బల్లి గీడ పడితే ఏమైతదో జర పంచాంగంల చూడుండ్రి" అని. పంతులుగారు నిజంగానే చూడబోయారు.

ఆ సాయంత్రం దారాన్ని తిరిగి డబ్బాలో పెట్టబోతే ఆ డబ్బా వాసన ముఖానికి కొట్టింది. కర్పూరం, పాత పట్టు, కొద్దిగా తుప్పు, అడుగున ఎక్కడో లవంగం. ఆ వాసన వస్తే నేను ఏ వయసులో ఉన్నా చిన్నవాణ్ణే.

స్టేషన్ వెనక సందులో, నడుమ ఉమ్మడి వాకిలి, చుట్టూ కిరాయి వాటాలు ఉన్న ఇల్లు మాది. మాకు వచ్చింది రెండు గదులు, ఒక కిటికీ, ఒక గడప. కిటికీ, గడప రెండూ ఉత్తరాన సందు వైపే. వాటి ఎదుట, సందుకు అవతల, ఎవరిదో గోదాము గోడ. రైలు ఇంజన్ల పొగకు గోడలన్నీ నల్లబడేవి, ఆరేసిన బట్టలకు బొగ్గు వాసన పట్టేది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఐస్ బండి గంట, కుల్ఫీ కుండ మీద తడిగుడ్డ వాసన, వానాకాలం రాగానే సందులో మోకాలి దాకా నీళ్లు, వాటిలో మేము వదిలిన కాగితం పడవలు, చలికాలంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ వైపు నుంచి గాలికి తేలివచ్చే మిర్చి బజ్జీల ఘుమఘుమ. బతుకమ్మ పండుగకు గునుగు పూలకు రంగులద్దే పని మా వాకిట్లోనే జరిగేది. వాటాల ఆడవాళ్లందరి వేళ్లూ వారం దాకా గులాబీగానో ఆకుపచ్చగానో ఉండేవి. ఆ వేళ్లతోనే సత్తుపిండి ముద్దలు చేసి పెట్టేవారు. మాకు ముద్ద రుచి కన్నా దాని మీద పడ్డ రంగు ముచ్చటగా ఉండేది.

అమ్మ రఫూ నేర్చుకున్నది పక్క వాటాలో ఉండే, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ దగ్గర. రంజాన్‌కు మా ఇంటికి షీర్ ఖుర్మా గిన్నె వచ్చేది, బతుకమ్మకు వాళ్లింటికి మలీద ముద్దల పళ్లెం వెళ్లేది, మిగతా రోజుల్లో చిరిగిన బట్టలు అటూ ఇటూ తిరిగేవి. ఖాలాకు చూపు మందగించాక పనంతా అమ్మకే వచ్చింది. ఖాలా దగ్గర నేర్చుకున్న పద్ధతిని అమ్మ మార్చలేదు: దారం ఏరేది పొద్దున, కుట్టేది ఎప్పుడైనా సరే. ఎండ ఇంకా ముదరకముందు గడప మీద కూర్చుని, బట్టను మోకాలి మీద పరిచి, దాని మీద ఒక్కో దారం పోగు వేసి, తల అటు తిప్పి, ఇటు తిప్పి చూసేది. కుదరకపోతే ఒకటే మాట, "గిది గాదు." పోగు డబ్బాలోకి వెళ్లిపోయేది. ఆ మాటలో కోపం లేదు, విసుగు లేదు, అప్పీలు కూడా లేదు.

బట్టల కొట్టుకెళ్లినా అంతే. దసరాకు ఆబిడ్స్‌లో చీర కొనాలంటే, కొట్లో లైట్ల కింద ఎంత మెరిసినా అమ్మ నమ్మేది కాదు. చీరను చంకన పెట్టుకుని బయట ఫుట్‌పాత్ మీదకు నడిచేది. చీర ఎటు పోతుందోనని కొట్టు మనిషి వెనకాలే వచ్చేవాడు. అప్పటికే అక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చీరలు ఎండకు పట్టి నిలబడి ఉండేవారు. ఒకరి చీర గురించి ఒకరు తీర్పు చెప్పుకునేవారు. మా నాన్న మాత్రం వీళ్లెవరో తనకు తెలియనట్టు గడియారం స్తంభం వైపు చూస్తూ నిలబడేవాడు.

నాన్న పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. కొత్త వస్తువులంటే ఆయనకు చిన్నపిల్లాడి మోజు. ఒకరోజు సాయంత్రం ఆబిడ్స్ నుంచి రిక్షాలో, పేపర్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మా వాకిట్లో మొదటి ట్యూబ్‌లైట్ అదే. వాటాలవాళ్లంతా గుమిగూడారు. అది మిణికి, మిణికి, కాసేపు ఆలోచించి, చివరికి వెలిగేసరికి అందరూ ఒక్కసారి కళ్లు మూసుకున్నారు. "సూర్యుణ్ణి తెచ్చి ఇంట్ల కట్టేసిన" అన్నాడు నాన్న. మర్నాటి నుంచి బళ్లో ఏ జోకైనా నాకు ఆలస్యంగా అర్థమైతే 'ట్యూబ్‌లైట్' అనడం మొదలైంది. ఆ పేరు పదో తరగతి దాకా నాతోనే పాసైంది.

ఇల్లు పాలలా తెల్లగా అయింది. అమ్మ కూడా మురిసిపోయింది. సరిగ్గా ఆ మురిపెం రోజుల్లోనే ఒక సాయంత్రం పొద్దుగూకాక ఇంటి యజమానురాలు కొంగు కింద ఏదో దాచుకుని వచ్చింది. మర్నాడు పొద్దున ఆమె కూతురు సుగుణక్క పెళ్లి. మగపెళ్లివారు పెట్టిన పట్టుచీర, పండుమిరప రంగుది, సాంబ్రాణి నిప్పురవ్వ పడి అంచుకు పైన కాలింది. పీటల మీద కట్టాల్సింది ఆ చీరే. పెళ్లి చీర కాల్చుకున్నారని అవతలివాళ్లకు తెలిస్తే ముందు అపశకునమంటారు, ఆ తర్వాత జీవితమంతా సుగుణక్కను అంటారు. "యాదమ్మా, నా బిడ్డ ఇజ్జత్ నీ చేతులల్ల ఉన్నది" అంది.

చీరలోంచే పోగు లాగుతానంది అమ్మ. యజమానురాలు ఒప్పుకోలేదు. కట్టకముందే పెళ్లి చీర నుంచి పోగు లాగితే కాపురంలోంచి లాగినట్టని ఆమె భయం. ఇక డబ్బాలోంచే ఏరాలి. అమ్మ గడప వైపు చూసింది. బయట చీకటి పడింది. నాన్న ట్యూబ్‌లైట్ వైపు చూపించాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి, చీర దాని కిందికి తెచ్చి దారాలు వేసి చూసింది. ఒకటి ఎంత బాగా కుదిరిందంటే పెట్టిన పోగు ఎక్కడుందో తనకే కనపడలేదు. దానితోనే కుట్టేసింది. నేను నిద్రపోయేముందు చూసిన ఆఖరి దృశ్యం, ముగ్గురూ ఆ చీర మీదికి వంగి చిల్లు వెతకడం, దొరకక నవ్వుకోవడం.

పొద్దున నేను లేచేసరికి అమ్మ గడప మీద ఉంది. ఒళ్లో చీర, దాని మీద ఊదా రంగు మచ్చ, మొదటి వెలుతురులో కమిలిన దెబ్బలా కనిపిస్తోంది. అమ్మ ఏడవలేదు. నాన్న వైపు చూడలేదు. "గిది గాదు" అని, సూదిమొనతో రాత్రి వేసిన కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టింది. అవతల పందిట్లో సన్నాయి శ్రుతి చూసుకుంటున్నారు.

మబ్బు పట్టి ఉంది. గడప దగ్గర వెలుతురు చాలడం లేదు. నేను ఆడుకునే అద్దం ముక్క తెచ్చి సందులోకి వచ్చిన కాస్త వెలుగును అమ్మ ఒళ్లోకి తిప్పాను. "వద్దు బిడ్డా, కండ్లల్ల గుచ్చుతది" అంది. అంతదాకా తలుపు వెనక నిలబడ్డ నాన్న లోపలికెళ్లి, ఉతికిన తెల్ల ధోవతి తెచ్చాడు. రెండు చేతులతో దాన్ని చాపి, అమ్మ ఎదుట సందులో నిలబడ్డాడు. ఆకాశంలో ఉన్న కాస్త వెలుతురూ ఆ తెల్ల గుడ్డ మీద పడి, మెత్తగా, అమ్మ ఒళ్లోకి వచ్చింది. నీళ్లకు పోయేవాళ్లు, పాలవాడు, పార్సిల్ ఆఫీసు జవాను కూడా, ఆయన్ను చూసి చూడనట్టు పక్కనుంచి పోయారు. కొట్టు బయట అమ్మ చీర చూస్తుంటే గడియారం చూసే మనిషి, ఆ పొద్దున నడిసందులో ధోవతి పట్టుకుని, చేతులు దించకుండా నిలబడ్డాడు. అమ్మ ఒక పోగు పక్కన పెట్టింది, ఇంకోటి పక్కన పెట్టింది. మూడోదాన్ని వేసి చాలాసేపు చూసింది. సూదికి ఎక్కించింది.

మంగళసూత్రం కట్టే వేళకు సుగుణక్క పీటల మీద ఉంది, చీర ఆమె ఒంటి మీద ఉంది. పెళ్లయ్యాక ఆమె కొత్త పెళ్లికొడుకుతో మా గడప దగ్గరికి దండం పెట్టడానికి వస్తే, అమ్మ దీవించే ముందు ఆమె భుజాలు పట్టుకుని ఎండలోకి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. ఆ తర్వాతే నవ్వి అక్షింతలు వేసింది.

ఆ ఏడు దసరాకు నాన్న సున్నం, కుంచె తెచ్చి, మా కిటికీకి ఎదురుగా ఉన్న గోదాము గోడకు, మాది కాని గోడకు, తానే తెల్లగా వేశాడు. ఎందుకని అడిగినవాళ్లకు, మసి చూడలేకపోతున్నా అన్నాడు. మేము ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి దసరాకూ వేశాడు. అమ్మ ఒళ్లోకి వెలుతురు ఆ గోడ మీదినుంచే వచ్చేది.

ఇప్పుడా గోడ లేదు. ఆ జాగాలో నల్ల అద్దాల లాడ్జి లేచింది, దాని మీద పడ్డ వెలుతురు లోపలికే పోతుంది గాని ఎవరి ఒళ్లోకీ రాదు. వాకిలి పోయింది, వాటాలు పోయాయి, ఖాలా పిల్లలు ఎటు వెళ్లారో తెలియదు. ఆబిడ్స్ కొట్లకు గాజు తలుపులొచ్చాయి. మొన్న ఒక చీర పట్టుకుని ఫుట్‌పాత్ మీదకు నడవబోతే గుమ్మం దగ్గర ఏదో కుయ్యోమని అరిచింది, కాపలా మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎండలో చూస్తానంటే అక్కడి అమ్మాయి జాలిగా, లోపల వెలుతురు బాగానే ఉంది కదా అంకుల్ అంది. మా ఫ్లాటు గడప అవతల కూడా వరండానే, అక్కడ పగలూ రాత్రీ ఒకటే లైటు.

బల్లి ఉదంతం తర్వాత నేను చేసిందేమిటంటే, తెల్ల లైటును ఊడబీకి మెట్ల దగ్గర పెట్టించాను. బల్లను బాల్కనీ తలుపు పక్కకు జరిపాను. కుడిచేతి వాటం వాణ్ణి గనక నీడ పని మీద పడకుండా ఎడమవైపు నుంచి వంగే దీపం ఒకటి పెట్టాను. దాన్ని కొనేటప్పుడు వాట్లు అడగలేదు. అమ్మ డబ్బాలోంచి రకరకాల ఎరుపు, గోధుమ దారాలు పట్టుకెళ్లి, ఒక్కో దీపం కింద పెట్టి, బయటికొచ్చి ఎండలో చూసి, మళ్లీ లోపలికెళ్లాను. కొట్టతను మొదట విసుక్కుని తర్వాత నాతోపాటే తిరిగాడు. బాల్కనీ గ్రిల్లుకు తెల్ల ధోవతి కట్టాను. ఆరేశాననుకుని మా ఆవిడ రోజూ మడతపెట్టేస్తుంటుంది, నేను రోజూ కడుతుంటాను. దారం మాత్రం పొద్దునే ఏరతాను.

పోయిన ఆదివారం బావ కోటు కోసం వచ్చాడు. బల్లిని విప్పేసి మళ్లీ కుట్టాను, ఈసారి కోటు పోగుతోనే, తెగినా ఓపిగ్గా ఇంకోటి లాగి. బాల్కనీ తలుపు దగ్గరికి తీసుకెళ్లి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, దించి, మోచెయ్యంతా తడిమాడు. ఎక్కడుందో దొరకలేదు. దొరకనందుకు కొంచెం నొచ్చుకున్నాడు కూడా. అప్పుడు ధోవతి మీదినుంచి వెలుతురు ఆయన ముఖం మీద పడింది. బావ జుట్టుకు, మీసానికి రంగేసుకునేది వాళ్ల బాత్రూంలో, ఆ పట్టపగలు లాంటి తెల్ల లైటు కింద. ఇక్కడ చూస్తే జుట్టు ఇటుక రంగు, మీసం సిరా నీలం.

టీ తెచ్చిన మా ఆవిడ నవ్వాపుకుంటూ చేతిలోని కప్పు వైపే చూస్తూ నిలబడింది. నేను బావ గడ్డం పట్టుకుని వెలుతురులోకి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశాను.

"గిది గాదు, బావా" అన్నాను.