మెట్ల మీద మోగిన ఫోను

నర్సుగా ఇరవై రెండేళ్లలో ఎంతమందికి ఇన్‌హేలర్ పీల్చడం నేర్పానో లెక్కలేదు. పోయిన చలికాలం మా ఆస్పత్రిలోనే నేను డాక్టరు ముందు రోగిగా కూర్చున్నాను.

ఊపిరితిత్తుల పరీక్ష రిపోర్టు చూసి, "సిస్టర్, ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగేవారా?" అని హిందీలో అడిగారాయన.

లేదన్నాను.

"చిన్నప్పుడు కట్టెల పొయ్యి?"

పదేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా మా ఇంట్లో సరుగుడు కట్టెల పొయ్యి ఊదింది నేనే. ఆపైన ఇన్నేళ్లు ఢిల్లీ గాలి. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదని, ముదరకుండా మాత్రం చూసుకోవచ్చని ఆయన చెప్పారు. ఆ మాటే నేను రోగులకు ఎన్నోసార్లు చెప్పాను. వాళ్లలాగే తలూపి బయటికొచ్చాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయి ఐదేళ్లు. అమ్మాయి గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ మూడో అంతస్తు. రెండో అంతస్తుకే ఊపిరి అందేది కాదు. అక్కడ ఆగి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఫోను చెవి దగ్గర పెట్టుకునేదాన్ని.

ఒకరోజు అలా "ఆఁ, ఆఁ" అంటూ నిలబడి ఉండగా చెవిలోనే ఫోను మోగింది. ఎదురుగా గుమ్మంలో మెంతికూర ఒలుచుకుంటున్న ఆ ఇంటి పహాడీ ఆంటీ, కొండప్రాంతం మనిషి, తలెత్తి చూసింది. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. ఆవిడ తను కూర్చున్న స్టూలు నా వైపు జరిపి, "బైఠ్ జాఓ, బేటీ" అని కూర్చోమంది.

ఫోను చేసింది మా అమ్మాయి. "మమ్మీ, ఇత్నా హాఁఫ్ క్యోఁ రహీ హో?" అంది, ఎందుకంత ఆయాసపడుతున్నావని.

మెట్లెక్కుతున్నానని చెప్పబోయాను. నోటికి రాలేదు. ఆ స్టూలు మీదే కూర్చుని, ఆయాసపడుతూ అంతా చెప్పాను.

"డాక్టర్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లావా?" అని ఈసారి తెలుగులో అడిగింది.

"రోజూ వెళ్లే ఆస్పత్రే కదమ్మా" అన్నాను.

అది ఏడుస్తోందని తెలిసింది. ఓదార్చడానికి నా దగ్గర ఊపిరి లేదు.

ఆదివారం వచ్చి వంట తనే చేసింది. తాళింపు ఘాటు నాకు తగలకుండా వంటింటి తలుపు మూసుకుంది. నేను బయట కూర్చుని గరిటె చప్పుడు విన్నాను. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. చెప్పేస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. దిగులు ఇద్దరిదైంది గానీ, సోమవారం నుంచి శనివారం దాకా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.