శుక్రవారం చేతిలో పెట్టిన మాత్రలు

కోవిడ్ నిబంధనలన్నీ ఎత్తేసిన ఏడాది. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఒక ఆసుపత్రి, రక్తనాళాల శస్త్రచికిత్స వార్డు. అప్పటికి అక్కడ నర్సుగా నాకు తొమ్మిదేళ్లు. ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న కరీంనగర్ కుర్రాడు శ్రావణ్, సైకిల్ చక్రం ట్రామ్ పట్టాల్లో ఇరుక్కుని పడ్డాడు. కుడివైపు కాలర్ బోన్ విరిగి, దాని కింద ఉండే సబ్‌క్లేవియన్ వెయిన్‌ని చీల్చింది. చేతిలోని రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే పెద్ద సిర అది. చీలితే రక్తం పైకి కనిపించకుండా ఛాతీలోకి కారిపోతుంది. సమయానికి తెచ్చారు. మా సర్జన్లు కుట్టేశారు, బతికాడు.

ఆపరేషన్‌తో గండం గడిచిందనుకుంటారు జనం. ఒట్టి మాట. కుట్టిన సిరలో రక్తం గడ్డకట్టడానికి కాచుకుని కూర్చుంటుంది. అందుకే అతనికి మూడు నెలలు రక్తం పలచబరిచే మాత్రలు, ఒక్క పూట కూడా మానకుండా. మధ్యలో డ్యూప్లెక్స్, అంటే సిరలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్.

శుక్రవారం మధ్యాహ్నం డిశ్చార్జి. మా దగ్గర పద్ధతేమిటంటే, వారాంతానికి సరిపడా మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తారు. సోమవారం నుంచి హౌసార్ట్, అంటే పేటలోని ఫ్యామిలీ డాక్టరు, చీటీ రాయాలి. మా డాక్టరు జర్మన్‌లో గడగడా చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. నేను తెలుగులో, మాత్రలు మాత్రం ఆపకు నాయనా అని చెప్పి నా నంబరు రాసిచ్చాను. సరే అక్కా అని తలూపాడు.

పన్నెండో రోజు మళ్లీ వచ్చాడు. కుడి చేయి నీలంగా, అరటి బోదెలా ఉబ్బిపోయి ఉంది. స్కాన్‌లో సిర నిండా గడ్డ. అందులోంచి ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి జారితే మనిషి దక్కడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాత్రలు ఏమయ్యాయని నిలదీశాను.

"సోమవారం పొద్దుగాలనే అయిపోయినయక్కా. నలుగురు హౌసార్ట్‌లకు ఫోన్ చేసిన. కొత్తోళ్లను తీసుకుంటలేరట. ఒకామె ఆరు వారాలకు రమ్మని టెర్మిన్ ఇచ్చింది. అప్పటిదాంక ఆగుదామనుకున్న."

"నా నంబరుందిగా. ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేది?"

"డ్యూటీల ఉంటరు గదా, మిమ్మల్ని సతాయించుడెందుకని ఊకున్న."

ఇదీ మనవాళ్ల మర్యాద. ప్రాణం మీదికొచ్చినా పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. చేయి ఉబ్బుతుంటే రూమ్మేట్లు బామ్ రాసి మర్దన కూడా చేశారట. గడ్డ ఉన్న చేతిని మర్దన చేయడమంటే చేజేతులా దాన్ని కదిలించడమే. వాళ్లనూ నాలుగు తిట్టాను.

ఆ కోపంతోనే, డిశ్చార్జి చేసిన మా డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన తాపీగా ఫైలు తెరిచి సంతకం చూపించాడు. ఈ పిల్లాడికి హౌసార్ట్ ఉన్నాడో లేడో ఎవరైనా అడిగారా అని అరిచాను. ఆయన కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు.

"అతని భాషలో మాట్లాడింది మీరే కదా. మీరు అడిగారా?"

అడగలేదు. కొత్తగా వచ్చిన పిల్లల్లో చాలామందికి హౌసార్ట్ ఉండడని నాకు తెలుసు. వచ్చిన కొత్తలో నాకూ లేడు. కానీ ఆ శుక్రవారం నా షిఫ్ట్ అయిపోవస్తోంది, ఇంటికి పోవాలన్న తొందరలో ఉన్నాను. అంతకు మించి కారణమేమీ లేదు.

గడ్డ కరిగించే చికిత్సతో ప్రాణం నిలిచింది. సిర మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. ఆ చేయి ఇక ఎప్పటికీ కాస్త లావుగానే ఉంటుంది, పది నిమిషాలు రాస్తే బరువెక్కుతుంది.

ఇప్పుడు ఎవరైనా తలూపితే నేను ఒప్పుకోను. తర్వాతి మాత్ర ఎవరు రాస్తారు, ఏ రోజు, డాక్టరు పేరేమిటి, నువ్వే నాకు చెప్పు అంటాను. చెప్పలేకపోతే ఫోన్ పట్టుకుని నేనే కూర్చుంటాను. టెర్మిన్ దొరికాకే సంచి సర్దనిస్తాను. గయ్యాళి అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

ఆఖరి స్కాన్‌కు వచ్చినప్పుడు శ్రావణ్‌కి క్షమాపణ చెప్పాను, అడగాల్సింది అడగలేదని. "మీ తప్పేముందక్కా" అన్నాడు, ఆ ఉబ్బిన చేత్తోనే దండం పెట్టి. ఒక్క మాట తిట్టినా బాగుండేది. అతను తిట్టనందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.