నా మీద నేను రాసిన ఫిర్యాదు

తన కేసులో తనకే వ్యతిరేకంగా, సొంత దస్తూరితో సాక్ష్యం రాసి పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనత నాది. వినండి.

అప్పట్లో నేను అద్దాల మేడల మధ్య ఇరుక్కున్న ఓ చిన్న సర్కారు దవాఖానలో కాంట్రాక్టు డాక్టరును. కిటికీలోంచి చూస్తే ఎదుటి ఐటీ ఆఫీసు అద్దాల మీద మబ్బులు నడుస్తుండేవి. రోగికీ రోగికీ మధ్య ఆ మబ్బుల మీద మనసులోనే నా పేరు రాసుకునేదాన్ని. పేరు పక్కన బ్రాకెట్లో 'కాంట్రాక్టు' అన్న ముక్క ఉండేది కాదు. మబ్బు కదిలితే పేరు కూడా పుప్పాలగూడ వైపు కొట్టుకుపోయేది.

మా కాంట్రాక్టు ఏడాదికోసారి ముగిసేది. ఒక్క రోజు ఇంట్లో కూర్చోబెట్టి, మర్నాడు కొత్తగా చేర్చుకునేవారు. దాని పేరు బ్రేకు. ఆ ఒక్క రోజు తెగితే చాలు, ఎన్నేళ్లు చేసినా వరుస సర్వీసు కాదు, పర్మనెంటు అడగడానికి లేదు. నేను మొండిదాన్ని. ఓ ఏడాది బ్రేకు రోజున కూడా తొమ్మిదింటికల్లా వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

క్లర్కు యాదగిరి హాజరు రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేసి, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది మేడం, ఇయ్యాల మీరు డాక్టర్ గాదు. పబ్లిక్."

ఆ మాట, అన్నప్పుడు అతను నములుతున్న సోంపు, అన్నీ నాకు గుర్తే.

"మరి బయట కూర్చున్నవాళ్లను ఎవరు చూస్తారు?"

"మీరు జూస్తె నేనొద్దంటనా? సంతకం మాత్రం పెట్టనియ్య."

చూశాను. జ్వరాలు, దగ్గులు, కాలి పుండ్లు, మధ్యాహ్నం దాకా. తర్వాత ఎండ ఎదుటి అద్దాల మీద పడి, గదంతా నీటి అడుగున ఉన్నట్టు వెలుగులో ఊగింది. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. అలాంటి వెలుగులోనే నాకు గొప్ప ఆలోచనలు వస్తాయి, అదే నా జబ్బు.

"యాదగిరీ, నేను డాక్టరును కాకపోతే, ఇవాళ ఇక్కడ డాక్టరు లేనట్టే కదా?"

"లేనట్టే."

"అయితే పబ్లిక్‌గా ఫిర్యాదు రాస్తాను."

"రాసుకోండ్రి. డబ్బా గాడ్నే ఉంది."

రాశాను. 'ఈ రోజు ఉదయం నుంచి ఈ దవాఖానలో డాక్టరు లేరు.' కింద పేరు, తేదీ, నిండు సంతకం. నెల తర్వాత పైఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వాళ్ల సంజాయిషీ నేను చదవడమేమిటని, కవరు చింపకుండానే 'పుచ్చుకోను' అని రాసి తిప్పి పంపాను.

మూడేళ్లకు, మమ్మల్ని పర్మనెంటు చేయమని మేం వేసిన కేసు విచారణకు వచ్చింది. విచారణ ఆన్‌లైన్‌లో. మాదాపూర్‌లో మా లాయరు గారి ఆఫీసులో ఆయన పక్కన కూర్చుని తెర మీద చూస్తున్నాను. బ్రేకు కాగితం మీదేననీ, ఆ రోజు కూడా నేను పనిచేశాననీ ఆయన వాదించారు. ప్రభుత్వ లాయరు చిరునవ్వుతో నా ఫిర్యాదు చదివి వినిపించారు.

మా లాయరు గారు మైకు ఆపేశారు.

"డాక్టరు గారూ, ఇది మీ చేతిరాతేనా అండి?"

"నాదే."

"మీరు లేరని మీరే రాశారా?"

"ఉన్నానండి. ఉండే రాశాను."

ఆయన నా వంక చూసిన చూపును కూడా నేను మరిచిపోలేదు. కిటికీ అవతల మబ్బు మీద, బ్రాకెట్ లేని నా పేరు చెరిగిపోతోంది.

అంతలో జడ్జి గారు అడిగారు. "ఫైల్లో ఈ మూసిన కవరేమిటి?"

"ఆ ఫిర్యాదుకు మేం పంపిన జవాబు. ఆవిడ పుచ్చుకోలేదు."

"తెరిచి చదవండి."

ప్రభుత్వ లాయరు చదివారు. 'మీ ఫిర్యాదుపై క్లర్కు యాదగిరి వివరణ తీసుకున్నాం. ఆ రోజు డాక్టరు గారు తొమ్మిది గంటలకే వచ్చి రోగులందరినీ చూశారు. మీ ఫిర్యాదు నిరాధారం.'

తన మీదికి రాకుండా యాదగిరి చెప్పిన నిజం, ఆఫీసు ముద్రతో సహా.

"ఆవిడ పనిచేశారని మీ ఆఫీసే రాసిందిగా. మిగతా బ్రేకులూ ఇలాంటివేనా?" అన్నారు జడ్జి గారు. ప్రభుత్వ లాయరు మంచినీళ్లు తాగారు.

తీర్పులో బ్రేకులు పోయాయి. కొన్నాళ్లకు బ్రాకెట్ కూడా పోయింది. కానీ నా ఫిర్యాదును నిరాధారమన్నారే, ఆ మాట పోలేదు. దాని మీద అప్పీలు రాసుకుని వెళ్తే, లాయరు గారు కాగితం బదులు నా పెన్ను లాక్కున్నారు.

ఆయన ముందే చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇకపై నేను లేనని ఫిర్యాదు చేసే ముందు, ఉన్నానేమో ఒకసారి చూసుకుంటాను.